మా యారాలి బీట్‌రూట్ మడి

మొన్న ఆదివారం పొద్దున చాయ్ తాగుతుంటే ఫోన్‌లోకి ఒక వీడియో వచ్చింది. మంచిర్యాలలో కొత్తగా కట్టుకున్న ఇంటి డాబా మీద మా యారాలు బీట్‌రూట్ పీకుతోంది. యారాలంటే మా మరిది భార్య. నేను ఆమెను చెల్లె అంటాను, ఆమె నన్ను అక్క అంటుంది. వీడియోలో ముఖం కనబడలేదు. ఆకుల మొదలు పట్టుకుని ఒడుపుగా మెలితిప్పి లాగుతుంటే, గడ్డ మట్టి రాల్చుకుంటూ పైకి రావడం కనబడింది. వెనక నుంచి గొంతు: "అక్కా, సూడు, ఈసారి మస్తు ఊరినయి." నేను చప్పట్ల బొమ్మ ఒకటి, పువ్వు బొమ్మ ఒకటి పంపాను. ఆ తర్వాత చాయ్ రుచి పోయింది. ఎదురుగా పేపరు చదువుతున్న మా ఆయన తలెత్తి, "ఏమాయె, ముఖం గట్ల పెట్టినవ్?" అన్నాడు. "గ్యాస్" అన్నాను. రిటైరై ఇంట్లో కూర్చున్న మనిషికి ప్రతిదీ కనబడుతుంది. నా చేతిలోని ఫోన్‌ను ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "బీట్‌రూటా?" అని మళ్లీ పేపర్లో తలదూర్చాడు.

ఈ కడుపుమంట ఇప్పటిది కాదు. మేము గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ క్వార్టర్లలో ఉన్న రోజులది. అన్నదమ్ములిద్దరికీ పక్కపక్క క్వార్టర్లు దొరికాయి. మా ఆయన భూమి కింది బాయిలో పనిచేసేవాడు, మరిది ఓపెన్‌కాస్టులో డంపర్ నడిపేవాడు. ఒకరు భూమిలోకి దిగి బొగ్గు తెచ్చేవారు, ఇంకొకరు భూమినే తెరిచి తెచ్చేవారు. ఇద్దరి బనియన్లూ ఉతికేటప్పుడు వచ్చే నలుపు మాత్రం ఒకటే. రెండిళ్ల పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ ఒకటి ఉండేది. దాని మీద నుంచి కూర గిన్నెలు, పెరుగు తోడు, సెల్ ఛార్జర్లు, కాలనీ కబుర్లు అటూ ఇటూ దాటుతుండేవి. నేను మందమర్రి క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని. మా నాయనదీ బాయి పనే. నాకు తెలిసిన మట్టి అంటే బొగ్గుపొయ్యి బూడిదే. చెల్లె మంథని అవతల వ్యవసాయం ఇంటి పిల్ల. ఆమె నీళ్లు తాగి గ్లాసు అడుగున మిగిలినవి విసిరేస్తే, అవి పడ్డచోట ఏదో ఒక మొక్క లేచేది. నేను పనిగట్టుకుని కుండీలో పెట్టిన తులసి రెండుసార్లు ఎండిపోయింది.

మామయ్య పోయినప్పటి నుంచి అత్తమ్మ మా దగ్గరే ఉండేది. ముందు గదిలో కిటికీ పక్కన ఆమె నవారు మంచం. అక్కడ కూర్చుంటే వీధిలో ఎవరు ఏ షిఫ్టుకు పోతున్నారో, ఎవరింటికి చుట్టాలొచ్చారో అన్నీ తెలుస్తాయి. ఆమె నా వంటకు వంక పెట్టని పూట లేదు. "ఉప్పుకు ఎవరన్న సుంకం అడిగిండ్రా, పెద్దదానా?" అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. పండ్లు లేని నోటికి రుచి మీద అంత పట్టింపెందుకని గొణిగేదాన్ని. ఇలా ఒకరినొకరు సాధించుకుంటూ ఏళ్లు గడిచిపోయాయి. ఆ మంచం అక్కడ ఉండటం నాకు గోడ ఉండటం లాంటిది. ఉన్నదని ప్రత్యేకంగా ఎవరు చూస్తారు?

కరోనా కాస్త సద్దుమణిగిన ఏడాది, దీపావళి వెళ్లాక, నేనూ చెల్లె కలిసి అంగడికి పోయి బీట్‌రూట్ విత్తనాల ప్యాకెట్ ఒకటి కొన్నాం. అప్పుడు ఎవరిని కదిలించినా రక్తం పెరగాలి, బలం రావాలి అనే మాటలే. గోడ మీద పేపరు పరిచి విత్తనాలు చెరిసగం పంచుకున్నాం. ఒకే రోజు నాటాం. స్నానాల గది నీళ్లు పారేలా రెండు పెరళ్లలోనూ కాలువ తీశాం. మొలకలు కూడా ఒక్కసారే వచ్చాయి. బీట్‌రూట్ విత్తనం చిత్రమైనది. ఒక్కటి నాటితే గుత్తిగా రెండు మూడు మొలకలు లేస్తాయి. చెల్లె ఒక పొద్దున కూర్చుని గుత్తికి ఒకటి చొప్పున ఉంచి మిగతావన్నీ పీకేసింది. "నువ్వు కూడ పీకు అక్కా, ఇరుకైతది" అని గోడ మీద నుంచి చెప్పింది. పచ్చగా నవ్వుతున్న మొక్కలను పీకడానికి నాకు మనసు రాలేదు. పైగా ఆమె చెప్పింది నేనెందుకు చేయాలన్న బీరమూ కొంత ఉంది. ఫలితం సంక్రాంతి దాటేసరికి తేలిపోయింది. నా మడిలో ఆకులు మోకాలెత్తు పెరిగాయి, కింద చూస్తే గోలీకాయలు. ఆమె మడిలో ఒక్కో గడ్డా పిడికిలంత ఊరి, భుజాలు మట్టి పైకి పెట్టుకుని కూర్చుంది. ఆమె అంతకు ముందు నుంచే ఆ ఒక్క మడితో ఆగలేదు. ఆ మడి పక్కన ఇంకోటి, తర్వాత మరుగుదొడ్డి వెనక, ఆఖరికి బట్టలుతికే బండ చుట్టూ కూడా విత్తుతూ పోయింది.

మొదటి మడి ఆకు తొడిగినప్పుడే కోతులు దిగాయి. గుట్టల మీద తిండి లేక కాలనీల మీద పడ్డ కోతులు అవి. తాళం వేయని ఇంట్లో ఫ్రిజ్ తెరిచి పెరుగు తాగి పోయే రకం. చెల్లె ఇద్దరు పిల్లలూ బడికి పోతారు, మరిది డ్యూటీకి పోతాడు. మడికి కావలి ఎవరు? అత్తమ్మ లేచింది. "రెండు దినాలు నేను కూసుంట తియ్" అని పొడుగు కట్టె ఒకటి పట్టుకుని వెళ్లింది. సాయంత్రానికి నడుము నొప్పి అని మంచం అడిగింది. మరిది వచ్చి ఆ నవారు మంచం ఎత్తుకుపోయాడు. గోడ మీద నుంచి దాటిస్తుంటే మా ఆయన ఇటువైపు మంచం కోళ్లు పట్టాడు. ఆ రెండు దినాలు ఎప్పటికీ పూర్తి కాలేదు.

మంచం పోయిన చోట నేల మీద నాలుగు కోళ్ల గుర్తులు మిగిలాయి. ఊడ్చినప్పుడల్లా చీపురు అక్కడ ఆగేది. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాళ్లు లేరు. మా ఆయన ఏది పెట్టినా తింటాడు, అదొక శిక్ష. మధ్యాహ్నం బ్లాస్టింగ్ శబ్దానికి కిటికీలు ఊగి సద్దుమణిగాక, పక్క పెరట్లోంచి అత్తమ్మ నవ్వు వినబడేది. నా ఇంట్లో అన్నేళ్లలో ఆమె అలా నవ్విందా అని నేను గిన్నెలు తోముతూ ఆలోచించేదాన్ని. కొన్నాళ్లకు పంట ఎవరూ ఆపలేనంతగా వచ్చింది. చెల్లె గంపలకెత్తి కాలనీ అంతా పంచింది. క్యాంటీన్ దగ్గర, నీళ్ల ట్యాంకర్ దగ్గర, ఎక్కడ చూసినా "మీ చెల్లె చెయ్యి మంచిదమ్మా" అనే మాట. నాకూ అత్తమ్మ చేతే పంపించేది. ఆమె కట్టె ఊనుకుంటూ వచ్చి, చుట్టంలా గుమ్మంలో నిలబడి, "చిన్నది పంపింది, తినుండ్రి" అని కొంగులోంచి గడ్డలు దించి వెళ్లిపోయేది. నా ఇంటికి నా అత్త చుట్టంలా రావడం! ఆ పూట పంతానికి దొండకాయ వండాను. మా ఆయన కంచంలోకి చూసి, "పక్కన గంత పండుతుంటె మనకు దొండకాయనా?" అన్నాడు. నేను ఇంకో గరిటెడు వేశాను.

ఇదంతా ఇలా సాగుతుండగా శివరాత్రికి ముందు ఒక మధ్యాహ్నం అత్తమ్మ కేక వినబడింది. గోడ దగ్గరికి ఉరికితే, చెల్లె కుళాయి పక్కన బండ మీద పడి ఉంది. చుట్టూ కడుగుతున్న గడ్డలు, ఎర్రటి నీళ్లు. నేను గోడ ఎలా దాటానో నాకు గుర్తు లేదు. లేపి ఒళ్లో పడుకోబెట్టుకున్నాక గాని తెలియలేదు, ఆ ఎరుపంతా బీట్‌రూట్‌ది కాదని. నెలల నుంచి ఆమెకు రక్తస్రావం అవుతోంది. చీరల మీద మరకలు మేమందరం చూశాం. చూసి, తోటపనిలో అంటిన మరకలనుకున్నాం. ఆమె కూడా అలాగే అనుకోనిచ్చింది.

మరిది వెంటనే కరీంనగర్ తీసుకుపోయాడు. ఆమె తల్లి, అన్న అక్కడే ఉంటారు. గర్భసంచిలో గడ్డలున్నాయి, తీసేయాలి, కానీ ఒంట్లో రక్తం మరీ తక్కువుంది, అది పెరిగేదాకా ఆపరేషన్ కుదరదు అన్నారు. ఆ వార్త విని అత్తమ్మ మడి గట్టు మీద కూలబడింది. "కాలనీకంత రక్తం పంచింది, దానికే లేకపాయె" అంది. నేను పక్కన నిలబడ్డాను. నాకు భయం వేసింది, దుఃఖమూ వచ్చింది. అబద్ధమెందుకు, ఆ రెండింటి మధ్య సన్నగా పాత మంట కూడా కదిలింది. రోజంతా మా గుమ్మంలోకి వచ్చినవాళ్లందరూ "చెల్లెకు ఎట్లున్నది?" అనే అడిగారు. అంతకు రెండేళ్ల ముందు నాకు టైఫాయిడ్ వచ్చి పడుకుంటే ఇందులో సగం మంది రాలేదు. మనిషి మనసు ఎంత దాకా పోతుందో చూడండి, ఆమె జబ్బును చూసి కూడా కుళ్లుకుంది.

ఆ రోజే అత్తమ్మ మంచం గోడ దాటి మా ఇంటికి తిరిగొచ్చింది. మంచంతో పాటు చెల్లె పిల్లల తిండీ, మడి బాధ్యతా కూడా వచ్చాయి. "ఎండలు ముదిరితే పీచుపడ్తయి, పలుగుతయి. పెద్దదానా, ఇగ నువ్వే" అంది ఆమె. నేను కొంగు బిగించి తవ్వాను. తవ్వినకొద్దీ గడ్డలే. మొదటి రోజు తవ్వినవి శుభ్రంగా కడిగి, ఆకులు మొదలంటా కోసి, తోకలు కత్తిరించి, ముద్దుగా గోనె సంచిలో పెట్టాను. వారం తిరగకుండా ముడతలు పడి, కోసిన చోట మెత్తబడి బూజు పట్టాయి. అప్పుడు మా ఆయన, "బాయిల బొగ్గు తీసిన జాగల మేం ఇసుకనే నింపుతం. పైకప్పునే ఆపుతది, నీ గడ్డలను ఆపదా?" అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గాని అత్తమ్మ పట్టుకుంది. వాళ్ల ఊళ్లో అల్లం అట్లనే దాస్తారట. పక్క లైన్లో ఇల్లు కట్టినవాళ్లు వదిలేసిన గోదావరి ఇసుక అడిగి తెచ్చుకున్నాం. మిగతా గడ్డలను కడగలేదు, మట్టి చేత్తో దులిపాం అంతే. ఆకులు రెండు వేళ్ల కాడ ఉంచి కోశాం, తోకలు ముట్టలేదు. ఎక్కడ గాటు పడినా అక్కడి నుంచే గడ్డ రసం కారి చెడుతుందని అప్పటికి తెలిసింది. వంటింటి వెనక చీకటి మూలలో పాత సిమెంటు గాబు ఉంటే, తడి ఆరీ ఆరని ఇసుక ఒక వరస, గడ్డలు ఒకదానికొకటి తగలకుండా ఒక వరస పేర్చుకుంటూ నిండా నింపాం. గాటు పడ్డవి మాత్రం ఆ పూటకే వాడేశాం.

వాడటం అంటే మామూలుగా కాదు. లేత ఆకులు పప్పులో వేశాను. ముదురు ఆకులు పల్లీల పొడితో వేయించాను. గడ్డ తురిమి నువ్వులు, పచ్చిమిర్చి వేసి తొక్కు నూరాను. పెరుగు పచ్చడి చేశాను. బెల్లం వేసి హల్వా చేస్తే అత్తమ్మ రెండోసారి పెట్టించుకుంది. ఉప్పు మాట ఎత్తలేదు, అది హల్వా కాబట్టి కావచ్చు. మిగిలినవి చక్రాల్లా తరిగి, ఉప్పు నీళ్లలో ఒక్క ఉడుకు ఉడికించి ఒరుగులు పెట్టాం. మా కాలనీలో ఏది ఎండబెట్టినా దాని మీద సన్నగా బొగ్గు దుమ్ము వాలుతుంది. అందుకని కట్టె మంచం మీద ఒరుగులు పరిచి దోమతెర కట్టాం. అత్తమ్మ నీడన కూర్చుని కోతులను తిడుతూ కాపలా కాసింది. ఆ రోజుల్లోనే ఒక పొద్దున మా ఆయన స్నానాల గదిలోంచి పాలిపోయిన ముఖంతో వచ్చి, "ఏయ్, ఒంటికి పోతె రక్తం పడ్తున్నది" అన్నాడు. డ్యూటీ మానేసి దవాఖానకు పోయాడు. డాక్టరు అన్నీ విని, "నిన్న ఏం తిన్నవన్నా?" అని అడిగాడట. తిరిగొచ్చి మూడు రోజులు బీట్‌రూట్ ముట్టలేదు, నాతో మాట్లాడనూ లేదు.

ఆ నెల నేను సంతోషంగా ఉన్నాను. కాలనీవాళ్లు ఒరుగులు ఎట్లా పెట్టావని నన్ను అడగడం మొదలైంది. అత్తమ్మ నా వెనకే తిరుగుతోంది. మరిది కరీంనగర్ పోయినప్పుడల్లా ఇసుక గాబులోంచి గట్టి గడ్డలు, ఒక డబ్బా నిండా హల్వా కట్టించి పంపేదాన్ని. అక్కడ సూదులు, మందులు సరేసరి, అత్తమ్మ నమ్మకం మాత్రం ఆ గడ్డల మీదే. ఆపరేషన్ తేదీ దగ్గరపడ్డాక చూసి వద్దామని ఒక రోజు నేనే బస్సెక్కాను. ఒరుగుల పులుసు టిఫిన్‌లో పెట్టుకుని పోయాను.

తల్లిగారింట్లో చెల్లె గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. తల్లి చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. పులుసు కలిపి ఇస్తే ఒక ముద్ద తిని, ప్లేటు పక్కన పెట్టింది.

"మడంత అయిపోయిందా, అక్కా?"

"అంత తవ్విన. ఒక్క గడ్డ దండుగ పోనియ్యలె" అన్నాను, మెచ్చుకుంటుందనే ఆశతో. మొదట కుళ్లినవాటి సంగతి చెప్పలేదు.

"అత్తమ్మ?"

"మా ఇంట్ల."

"ఎప్పుడొచ్చింది?"

"నువ్వు దవాఖానకు పోయిన దినమే."

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. "నాకు ఎరికే. పెండ్లైనకాంచి చూస్తున్న. పండుగనాడు నా ఇంట్ల బువ్వ తిని, చెయ్యి కడుక్కొని నీ ఇంటికి పోయేది. కోతుల పుణ్యమాని నా ఇంట్ల మంచం ఏస్కున్నది. గందుకే ఒక మడి వెనక ఇంకో మడి పెట్టుకుంట పోయిన. కడుపుల నొస్తున్నదని చెప్తె తోట బంద్ చెయ్యమంటరు, మంచం లేపుతరు. చెప్పలె." ఇటు తిరిగింది. కళ్లనిండా నీళ్లున్నా గొంతులో కోపమే ఉంది. "నువ్వు ఏం చెయ్యకున్న నీ దగ్గర్నే ఉంటది అక్కా. ఇప్పుడు నా గడ్డలు నువ్వే తవ్వినవ్, అత్తమ్మను నువ్వే తీస్కపోయినవ్, పైకెల్లి నాకే వండి పంపుతున్నవ్. ఎట్ల మింగాలె?"

నేను ప్లేటు ఆమె దగ్గరికి జరిపాను. ఆమె మీద జాలి కలిగింది, నిజమే. కానీ అంతకంటే ముందు వచ్చినది వేరు. నన్ను చూసి, ఈ మొక్క బతికించలేని దాన్ని చూసి, ఒక మనిషి ఇన్నేళ్లు కుళ్లుకుందా? ఎవరూ ఎప్పుడూ నాకు అంత గొప్ప మర్యాద చేయలేదు. ఆ క్షణంలో నాకు చెల్లె మీద పుట్టిన ప్రేమ మా బంధంలో అంతకు ముందెన్నడూ లేదు. "తిను, చల్లారుతది" అన్నాను. తినలేదు. నేను లేచి బయటికి వచ్చేటప్పుడు మాత్రం, "పులుసుల ఉప్పు తక్కువైంది" అంది.

బస్సులో పెద్దపల్లి దాటేదాకా ఆలోచించాను. ఇంటికి వచ్చి చెప్పులు విడవకుండానే అత్తమ్మ మంచం దగ్గర నిలబడి, "నువ్వు కరీంనగర్ పోవాలె. ఆపరేషనై లేచి తిరిగేదాక చెల్లె కాడ ఉండాలె" అన్నాను. ఆమె బిత్తరపోయింది. "వియ్యపురాలింట్ల నేనెట్లుంట బిడ్డా? నలుగురు నవ్వరా?" అంది. నవ్వితే నవ్వనీ అన్నాను. ఆమె నా ముఖంలోకి అనుమానంగా చూసి, "నన్ను ఎల్లగొడ్తున్నవా, పెద్దదానా?" అని అడిగింది. "ఔ, ఎల్లగొడ్తున్న" అన్నాను. గాబులో మిగిలిన గడ్డలన్నీ ఇసుక దులిపి సంచిలో వేసి, ఆమె చీరలు రెండు సర్ది, మర్నాడు మరిది వెంట పంపించాను. ఆ సాయంత్రం ఇల్లు ఊడవడానికి చీపురు పట్టుకుని, ముందు గదిలోకి మాత్రం పోకుండా వంటింట్లోనే కూర్చున్నాను.

ఆపరేషన్ బాగా జరిగింది. అత్తమ్మ ఆమెను కనిపెట్టుకుని ఉండి, ముద్దలు కలిపి తినిపించి, ఎండలు బాగా ముదిరాక వెంటబెట్టుకుని వచ్చింది. అంత జబ్బులోనూ అత్తను తన పక్కన పెట్టుకున్న గొప్ప కోడలని కాలనీ అంతా చెల్లెను మెచ్చుకుంది. పంపిన మనిషి గురించి ఎవరూ అడగలేదు. చెల్లె కూడా ఎవరి దగ్గరా ఆ మాట ఎత్తలేదు, నా దగ్గర కూడా. నేను పళ్లు నూరుకున్నాను. ఆ తర్వాత అత్తమ్మకు వంతులు పడ్డాయి. ఒక నెల వాళ్లింట్లో, ఒక నెల మా ఇంట్లో. వంతు ముగిసే రోజు ఎవరింట్లో ఉంటే వాళ్లు ఏదో ఒక సాకు చెప్పేవాళ్లు, జ్వరమని, మంచి రోజు కాదని. పెద్దావిడ ఆ పోట్లాటను తెగ ఆనందించింది. ఆఖరికి రెండేళ్ల కింద, చెల్లె వంతులోనే, పొద్దున చాయ్ తాగి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు. అప్పటికి నా వంతు రావడానికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఆ సంగతి చెల్లె ఎన్నడూ ఎత్తదు, నేనూ ఎత్తను. ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు వాళ్లు మంచిర్యాలలో, మేము గోదావరిఖనిలోనే, క్వార్టర్ విడిచి కిరాయి ఇంట్లో. పంచుకోవడానికి మధ్యలో గోడా లేదు, మనిషీ లేదు. కలిసినప్పుడు వంకాయ ధర గురించో, మోకాళ్ల నొప్పి గురించో మాట్లాడుకుంటూ, ఎవరి మాటలో అత్తమ్మ పేరు ముందు వస్తుందా అని కనిపెట్టుకుని ఉంటాం. కాలం ఆమెను తీసుకుపోయింది గానీ, ఆమె కోసం మేమిద్దరం పడ్డ కుళ్లును మాత్రం మా ఇద్దరికీ సమానంగా వదిలిపెట్టింది.